సరోజక్క అడిగిన సాక్షులు

పాత టేపు తిరగడం మొదలవగానే ఇసుక రాలుతున్నట్టు సన్నని చప్పుడు వస్తుంది. ఆ వెనకే తెర మీద రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నీళ్లలోంచి చూస్తున్నట్టు ఒక వీధి కదులుతుంది. ప్రొద్దుటూరులో నేను పనిచేసిన కేబుల్ చానల్ మూతపడి చాలాకాలమైంది. దాని టేపులను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఈ ఎండాకాలం నా మీద పడింది. మొన్న ఒక టేపు పెట్టగానే సరోజక్క గొంతు వినిపించింది. "అన్వరూ, తిరుగుతాండాదా?" కెమెరా నడుస్తోందా అని నన్ను అడుగుతోంది. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా ఆ ఖాళీ గదిలో "తిరుగుతాండాదక్కా" అని పైకే అన్నాను.

సరోజక్క మా చానల్లో వార్తల విభాగం చూసేది. సొంతూరు పులివెందుల దగ్గర సింహాద్రిపురం. నేను వేంపల్లెలో పెళ్లి వీడియోలు తీసుకుంటుంటే పిలిచి కెమెరా అప్పగించింది ఆమే. మనిషిని కూర్చోబెట్టగానే తల ఇటు తిప్పు, కొంచెం నవ్వు అనడం నాకు అలవాటు. "ఈళ్లు పెండ్లికొడుకులు కాదప్పా, ఉన్నట్టు ఉండనీ" అని నవ్వేది.

ఆమె చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో జమ్మలమడుగు బజారులో ఒక రైతు నాయకుణ్ణి పట్టపగలు చంపారు. సభకు పోతూ, ఎవరో హారం వేస్తామంటే జీపు దిగాడట. దిగిన చోటే పడిపోయాడు. కేసు నడిచింది. సాక్షులు భయపడి మాట మార్చారు. ముద్దాయిలందరూ విడుదలయ్యారు. చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని, మిగిలినవాళ్ల మాటైనా టేపు మీద నిలవాలని సరోజక్క చానల్ యజమానిని ఒప్పించింది.

మొదట పులివెందులలో ఆనాటి జీపు డ్రైవరు సుబ్బరాయుడి దగ్గరికి పోయాం. పోలీసులకు, వకీళ్లకు చెప్పిచెప్పి అరిగిపోయిన కథ ఆయనది. కళ్లు మూసుకుని పాఠంలా ఒప్పజెప్పాడు. సరోజక్క అంతా విని, "జీపులో ఆయన ఏం మాట్లాడినాడు మామా?" అంది. ఆయన కళ్లు తెరిచాడు. "వానొస్తే బాగుండు సుబ్బరాయుడూ అన్యాడమ్మా. అంతే. ఆ మాట నన్ను ఎవురూ అడగల్యా" అన్నాడు. ఆయన ముఖం మీద వేపచెట్టు నీడ ఊగుతుండటం ఆ టేపులో ఇప్పటికీ కనిపిస్తుంది. చనిపోయిన మనిషి నాకు ఆ రోజు మొదటిసారి మనిషిలా తోచాడు. అంతకుముందు ఒక బొమ్మ, ఒక నినాదం.

తరువాత జమ్మలమడుగు. ఆ హారం కట్టి ఇచ్చిన పూలామె మాబ్బీ అప్పటికీ అదే వీధిలో కనకాంబరాలు కడుతోంది. మేము మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు దారం ముడివేస్తూనే ఉన్నాయి. కోర్టులో ఏమీ చూడలేదని చెప్పిన మనిషి, సరోజక్క ముందు మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

"హారం అడిగి తీసుకునింది ఒకడమ్మా. వాడే ముందు పొడిసినాడు. సింహాద్రిపురం పుల్లన్న."

సరోజక్క ముఖం మారలేదు. "మొగం బాగా సూసినావా అవ్వా?"

"ఎట్ల సూడను? నా చేతిలోంచే కదా తీసుకునె."

"ఇంకొకతూరి చెప్పవ్వా, పేరు సరిగ్గా వినపడల్యా."

నాకు స్పష్టంగా వినబడింది. ఎందుకు మళ్లీ అడిగిందో అర్థం కాలేదు. మాబ్బీ మళ్లీ చెప్పింది. తిరిగి వస్తూ పెన్నా వంతెన దాటేటప్పుడు సరోజక్క బండి ఆపించింది. కింద నీళ్లు లేవు, తెల్లటి ఇసుక మధ్యాహ్నపు వెలుగులో పొగలా కదులుతోంది. వంతెన కమ్మీ పట్టుకుని నిలబడి, "పుల్లన్న మా నాయన, అన్వరూ" అంది. "ఆయన మీద కేసుండెనని తెలుసు. ఇడిసిపెట్టినారని తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవురూ ఎత్తేటోళ్లు కాదు. పరాయి మనిషి నోట ఇనాలని ఉండె" అంది. ఆ టేపు పక్కన పెట్టేద్దామని నేనన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

మర్నాడే మళ్లీ మాబ్బీ దగ్గరికి పోయి తానెవరో చెప్పింది. వద్దంటే ఆమె మాట బయటికి రాదని మాట ఇచ్చింది. మాబ్బీ చేతులు ఆగిపోయాయి. "తెలిసింటే చెప్పకపోదును బిడ్డా. నీకు నాయన కదా. తీసెయ్యరాదా?" అంది. "నా కోసమైతే వద్దవ్వా. నీకు భయముంటే చెప్పు, తీసేస్తా." మాబ్బీ ఆలోచించింది. "ముసిలిదాన్నయినా. ఇంకేం భయం? ఉండనీ" అంది.

పుల్లన్న అప్పటికి కొడుకు దగ్గర, చీనీ బత్తాయి తోటలోని ఇంట్లో ఉండేవాడు. తెల్లటి మీసం, శుభ్రమైన పంచె. కూతుర్ని చూసి సంబరపడి కాయలు కోయించాడు. చెట్ల మధ్య కుర్చీలు వేయించుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పూత వాసనకు కెమెరా పట్టుకున్న నాకే కళ్లు బరువెక్కుతున్నాయి. ఈ మనిషా అనుకున్నాను.

"ఆ పొద్దు నువ్వు యాడ ఉంటివి నాయనా?"

ఆయన నవ్వు ఆగింది. "కోర్టు చెప్పింది కదమ్మా."

"కోర్టును అడగల్యా. నిన్ను అడుగుతాండా."

చీనీకాయ మీద ఆయన బొటనవేలు కదులుతూ ఉండిపోయింది. సరోజక్క తొందరపెట్టలేదు, చూపు తిప్పుకోలేదు. ఆపేద్దామని నా వేలు మీట మీదికి పోయింది, ఆమె ముఖం చూసి వెనక్కి తీసుకున్నాను. ఎంతకో ఆయన అన్నాడు.

"హారం ఎత్తితే తల వంచినాడమ్మా. నన్ను సూసి నగినాడు. మనోడే అనుకున్యాడు."

ఇంకేమీ చెప్పలేదు. తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. దాని కిందినుంచే అడిగాడు: "పూలామె ఇంకా ఉండాదా?"

"ఉండాది."

సరోజక్క లేచి ఆయన తల మీద చెయ్యి వేసింది. అది కూడా టేపులో ఉంది.

యజమాని వెనకాడాడు కానీ, ఒక ఆదివారం ఆ ముఖాముఖీలన్నీ ప్రసారమయ్యాయి. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా టీ కొట్ల ముందు జనం గుంపులుగా నిలబడి చూశారు. కోర్టు వదిలేసిన కేసు తిరిగి తెరుచుకోలేదు. కానీ ఆ నాయకుడి భార్య మనిషిని పంపించి ఒక ప్రతి అడిగి తీసుకుంది. సరోజక్క వాళ్లన్న మాత్రం "బతికుండంగనే నాయన్ను సంపితివి" అని ఆమెను గడప తొక్కనివ్వలేదు. తండ్రి ఒక పొద్దు ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు బస్సెక్కాడట. మాబ్బీ ఆ సంగతి సరోజక్కకు చెబుతుంటే నేనూ ఉన్నాను. "వచ్చినాడు. నిల్చున్యాడు. చేతులు జోడించినాడు. నేనేమీ అనల్యా. పోయినాడు" అంది. ఆ తరువాత ఎక్కువకాలం బతకలేదు ఆయన. చివరి రోజుల్లో కూతురు కావాలని పట్టుబడితే అన్న తలుపు తీయక తప్పలేదు. ఆమె దగ్గరుండి చూసుకుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కిందటి నెల ఒక సాయంత్రం మా చిన్నోడు మోటారుసైకిలు తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కడగడం మొదలుపెట్టాడు. ముందు చక్రం మీద గీతలు. ఊళ్లో ఎవరో ముసలాయన్ను బండి గుద్ది పోయిందని, ఆయన్ను ఆసుపత్రికి మోసుకుపోయారని అప్పటికే విన్నాను. మా ఆవిడ కళ్లతోనే అడగొద్దంది. నేను ముక్కాలిపీట తెచ్చుకుని వాడి ఎదురుగా కూర్చుని, "యాడ జరిగిందిరా?" అన్నాను. వాడు తుడుస్తూనే ఉన్నాడు. నేను లేవలేదు. పైపులోంచి నీళ్లు వాకిలంతా పారుతున్నాయి. చివరికి గుడ్డ కింద పడేసి, "బతికుండాడా నాయనా?" అని ఏడ్చాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను. చీకటి పడకముందే ఇద్దరం ఆసుపత్రికి బయలుదేరాం.