కట్లపాము అని చెప్పాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి ఒక మనిషి చావును గుండెల్లో మోస్తున్నాను. ఇంట్లో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే. వాడు మరిచిపోయాడు, లేదా మరిచిపోయినట్టు బతుకుతున్నాడు.

మా వైపు స్టేషన్ బాధ్యత తీసుకున్న మొదటి ఆడ ఎస్సైని నేను. బందరులో యూనిఫాంతో నడుస్తుంటే తల్లులు ఆడపిల్లల్ని ఎత్తుకుని నన్ను చూపించేవారు. నాన్న పోయేనాటికి గుడివాడలో మా ఇంట్లో సంపాదించేవాళ్ళు లేరు. తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ నేనే చదివించాను, పెళ్ళిళ్ళు చేశాను. ఇప్పటికీ ఏ శుభకార్యమైనా నేను వెళ్ళి కూర్చున్నాకే మొదలుపెడతారు. ఆ పెద్దరికం నాకు ఇష్టం. దాన్ని కాపాడుకోవడానికే ఆ పని చేశానా? కాదు, తమ్ముడి కోసమేనని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను.

తొంభైలలో, రొయ్యల మోజు మీదున్న రోజులు. నాగాయలంక దగ్గర తమ్ముడు చెరువులు కౌలుకు తీసుకున్నాడు. అప్పుడు నా ఉద్యోగం కూడా దివిసీమలోనే. దొంగలు పడుతున్నారని వాడు చెరువు చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టాడు. నాకు చెప్పలేదు. చెప్పలేదన్నది నిజమే గానీ, ఒకసారి అటు వెళ్ళినప్పుడు ఆ తీగ నా కంటపడింది. అదేమిటని అడగలేదు.

ఒకరోజు తెల్లవారుతూనే తమ్ముడు వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, గట్టు మీద ఒకడు పడిపోయి ఉన్నాడు. తీగ పీకేశాను."

చనిపోయినవాడి పేరు ఏడుకొండలు. పడవ దగ్గరికి అడ్డదారిన వెళ్తున్న జాలరి. పిక్క మీద నల్లగా కాలిన గీత. నేను వంగి, అతని లుంగీ కిందికి లాగి ఆ గీత కప్పేశాను. ఎవరి చేతా చేయించలేదు. నా చేతులతోనే.

అతని భార్య నాంచారమ్మ పరుగెత్తుకొచ్చింది. చుట్టూ ఉన్న మగవాళ్ళనెవరినీ అడగలేదు, నా దగ్గరికే వచ్చింది.

"మా ఆయనకేమయిందమ్మా? మీరు సెప్పండి. ఆడమనిషి, మీరు అబద్ధమాడరు."

"కట్లపాము కరిచింది నాంచారమ్మా. పోస్టుమార్టానికి పంపితే కోస్తారు. నీ ఇష్టం."

"కొయ్యొద్దమ్మా, మీ కాళ్ళు మొక్కుతాను." అంతలోనే ఆమె ఏడుపు ఆగిపోయింది. "సెప్పులు తెగిపోయినయ్యే అన్నాడమ్మా తెల్లారగట్ట. యేళయిపోతంది, రేపు కుట్టిచ్చుకుందూలే, ఎల్లు అన్నాను. నేనే సంపుకున్నానమ్మా."

అప్పుడైనా చెప్పవలసింది. నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడు అక్కడే, జనంలో, నావైపే చూస్తున్నాడు. "ఊరుకో. ఎవరి రాత ఎలా ఉంటే అలా," అన్నాను.

పాము మాట అబద్ధమే. కానీ ఆ రెండో మాట అంతకన్నా పాపం కాదా? నేరం మా ఇంటి నుంచి తీసి ఆమె నెత్తిన పెట్టాను. పెట్టి, ఓదార్చాను.

మరుసటి ఏడాదే రోగం వచ్చి రొయ్యలన్నీ పోయాయి. తమ్ముడు చెరువులు వదిలేసి గుడివాడలో షాపు పెట్టుకున్నాడు. బాగా కలిసొచ్చింది.

కొన్నేళ్ళకు బందరు చేపల మార్కెట్లో నాంచారమ్మ కనిపించింది. మండుటెండలో వట్టికాళ్ళతో ఉంది. ఆయన పోయాక చెప్పులు తొడగలేదట. నన్ను గుర్తుపట్టి మంచి పండుగప్ప తీసి సంచిలో వేసింది. డబ్బులు తీసుకోలేదు. "ఆయన్ని కొయ్యకుండా ఇప్పిచ్చారు తల్లీ," అంది. ఆ చేప ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. ఆ పూట ఇంటికొచ్చిన తమ్ముడు అడిగి మరీ వేయించుకున్నాడు. నేనే వడ్డించాను.

రిటైరయ్యాక, ఆమెకు చెప్పేద్దామని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆలస్యమైపోయింది. ఆమె అంతకుముందు వానాకాలంలోనే పోయిందట. కొడుకు కుర్చీ వేసి, సోడా తెప్పించి, "మా అమ్మ మిమ్మల్ని తల్చుకోని రోజు లేదండీ," అన్నాడు. అతనికైనా చెప్పవచ్చు కదా? సోడా తాగి, వచ్చిన బస్సెక్కాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు ఉన్న మనిషి లేదు. ఉన్నా అడిగేదాన్ని కాదేమో. ఏడుకొండలును చంపింది మా తమ్ముడు పెట్టిన కరెంటు తీగ. నాకు తెలుసు. నాంచారమ్మ చేసిన తప్పేమీ లేదు. ఇన్నేళ్ళలో ఈ మాట నా నుంచి బయటికి రావడం ఇదే మొదలు.