గండికి పోదామన్న మామ

మా మేనమామ పోయాడు. ప్రొద్దుటూరు నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ ఇంక లేడప్పా" అని ఏడ్చింది. జమ్మలమడుగు నుంచి బయల్దేరిన నాకు దారి పొడవునా గుర్తొచ్చింది ఒక్కటే, పోయిన నెల నేనాయనకు చెప్పిన జవాబు.

మామది బట్టల అంగడి. గుడ్డ కొలుస్తూనే వేదాంతం చెప్పేవాడు. "బ్రహ్మమంటే ఈ తాను, జీవుడు ఈ ముక్క. కత్తెర పడితే నూలు మారతాదా?" అనేవాడు. "అట్లయితే ఈ ముక్క వాపసు తీసుకో మామా" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "కోసింది వాపసు తీసుకోంలేప్పా" అని పెద్దగా నవ్వేవాడు.

అత్త మాత్రం ఊరుకునేది కాదు. "అందరం ఒకటే అయితే, నువ్వు తింటే నా కడుపు యాల నిండదు?" అని అడిగింది ఒకరోజు. ఆరోజు నుంచి ఆమె కూడా విస్తరి ముందు కూర్చునేదాకా మామ ముద్ద ముట్టలేదు.

పోయిన నెల శ్రావణ శనివారం వాళ్లింటికి పోతే, "కారు తెచ్చినావు కదా అల్లుడా, గండికి పోయి స్వామిని చూసొద్దాం" అన్నాడు. ఎండలో అంత దూరం నడపడానికి నాకు బద్ధకం.

"అంతటా ఉన్నోడే కదా మామా, నీలో ఉన్నోన్ని చూసేకి గండి దాకా యాల?" అన్నాను.

"నా మాట నాకే చెప్తాండావే! శానా బాగా నేర్చినావు" అని నవ్వాడు. మళ్లీ అడగలేదు.

అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టెంకాయ సంచిలో పెట్టుకుని ఉన్నాడాయన. అది చూసి కూడా అన్నాను, పాపిష్టివాణ్ణి! ఆయన బతుకంతా నమ్మిన మాటను నా బద్ధకానికి అడ్డం పెట్టుకున్నాను.

వాళ్లకు పిల్లలు లేరు. కర్మ నేనే చేశాను. అస్థికలు పెన్నలో కలుపుదామన్నారు బంధువులు. గండిలోనే, పాపాఘ్నిలో కలపాలని పట్టుబట్టాను. కుండను కారు వెనక సీట్లో పెట్టబోతే, అత్త వాకిట్లోంచి కేకేసింది.

"ముందర పెట్టప్పా. వెనకాల కూర్చుంటే ఆయనకు తల తిరుగుతాది."

ఈసారి వాదించలేదు. కుండను ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టాను. మామకు ఏసీ పడదు. వేంపల్లె దాటాక, ఆయన వైపు అద్దం దించాను.