చిక్కటి ఆయిల్

కొండ దారి మొదట్లో షెడ్డు నడిపే మెకానిక్ ముప్పై ఏళ్లుగా ఒకటే పాట పాడుతున్నాడు: పైకెళ్లే బండికి పలచటి ఆయిలే పోయాలి, ఆ చలికి చిక్కటిది కదలదు. లారీ తోలే బావమరిది మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు.

"చిక్కగా ఉంటేనే ఇంజనుకు బలం బావా, అదే పొయ్యి."

ఇంటి మనిషితో గొడవెందుకని, గొణుక్కుంటూనే తన చేత్తో పోశాడు మెకానిక్.

మర్నాడు పొద్దున కొండ మీంచి ఫోనొచ్చింది. బావమరిది తాళం తిప్పి వినిపించాడు. స్టార్టరు రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. జబ్బేమిటో మెకానిక్‌కి తెలుసు. దాని మందు, పలచటి ఆయిల్ డబ్బాలు, షెడ్డులో ఎదురుగా అరలోనే ఉన్నాయి.

"ఇంకోసారి తిప్పనా?"

"వద్దురా, బ్యాటరీ కూడా పోతుంది. ఎండెక్కేదాకా ఆగు."

"ఇక్కడ మంచు పడుతోంది బావా."

మెకానిక్ బయటికి చూశాడు. షెడ్డు ముందు ఎండ విరగకాస్తోంది.