చివరి నాలుగు అంకెలు

అప్పట్లో నేను బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర, కంప్యూటర్‌లో లారీ నంబరు వెతికి పాసు ఇచ్చేవాణ్ణి. ఒక్కో లారీ దొరకడానికి పది నిమిషాలు పట్టేది. ఏడో తరగతి దాకే చదివినవాడు కూర్చుంటే ఇంతేనని, సోమవారం నుంచి డిగ్రీవాణ్ణి కూర్చోబెడతానని మేనేజర్ తేల్చేశాడు.

సంగారెడ్డి బస్సులో తెలిసిన కండక్టర్‌తో ఆ సంగతి నవ్వుతూ చెప్తుంటే, పక్క సీటు పెద్దమనిషి తల తిప్పాడు.

“లారీని ఎట్ల వెతుకుతవు తమ్మీ?”

మేనేజర్ పంపిన మనిషేమో అనుకున్నాను. “కండ్లతోని సార్.”

ఆయన నవ్వలేదు. “నంబర్ మొత్తం కొడ్తవా?”

అనుమానం ముదిరింది. గుర్తింపు కార్డును జేబులోకి తోసేశాను. “గేటుకాడ ఏ లారీనైనా చివరి నాలుగు అంకెలతోనే పిలుస్తం. గవ్వే కొడ్త. గీ ముచ్చట మీకెందుకు?”

“గదే తప్పు. కంప్యూటర్ లోపల నంబర్లు ముందు అక్షరం నుంచి వరుసగ పేర్చి ఉంటయ్. నువ్వు తోక చెప్తే, కంప్యూటర్ మొదటి లారీ నుంచి ఒక్కోటి తిరగేయాలె. ముందల్నుంచి మొత్తం కొట్టి సూడు.”

ఇస్నాపూర్‌లో దిగిపోయాడు.

ఇందులో ఏం మోసముందోనని మరునాడు ముందుగా ఒక ఖాళీ లారీ మీదే ప్రయత్నించాను. నంబరు మొత్తం కొట్టాను. డ్రైవర్ బీడీ వెలిగించేలోపు పాసు బయటికొచ్చింది.

గేటు దగ్గర లారీలు ఆగడం లేదని తెలిసి డిగ్రీవాణ్ణి పిలవలేదు; సోమవారం ఆ కుర్చీలో నేనే ఉన్నాను. మేనేజర్ వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

“ఎవరు చెప్పిన్రు నీకు?”

“ఎవరో తెల్వదు సార్. బస్సుల కలిసిండు.”

ఆయన నమ్మలేదు. ఆయన స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.