అది పాము కాదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నా గుండెల మీద కుంపటిలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మాచర్ల దగ్గర పల్లె. గోడలు మెత్తడానికి ఎర్రమట్టి కావాలని నేనూ, కొత్తగా కాపురానికొచ్చిన నా తోడికోడలు సుబ్బులూ అడవి అంచుకు వెళ్లాం. కుళ్లిన ఆకుల కింద పార వేయగానే వేలు లావున నున్నటిదేదో మెలికలు తిరిగింది. భయంతో కొట్టాను. తోక తెగి విడిగా ఎగిరింది. అది ఒక్కసారి రెప్పలార్పింది, అంతే, మళ్లీ కదల్లేదు. పాముకు రెప్పలుంటాయా? అది కాళ్లు లేని బల్లి. మేకలు కాసే మా నాయన నా చిన్నప్పుడే అలాంటిదాన్ని మట్టిలో చూపించాడు.

కానీ అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. కడుపుతో ఉన్నది పామును చంపిందంటే ఇంకేమైనా ఉందా! బల్లి అంటే నమ్మేదెవరు? గంపలు తీసుకుని మా వెనకే బయల్దేరిన అత్త దగ్గరికొచ్చేస్తోంది. పార సుబ్బులు చేతిలో పెట్టేశాను.

"ఓయమ్మో! ఏందే ఈ ఘోరం? ఎవరే చంపింది?"

"సుబ్బులే అత్తా," అన్నాను.

"నేను కాదత్తా, అక్కే..." అంది సుబ్బులు.

"పార నీ చేతిలోనే ఉందిగా! కడుపుతో ఉన్నదాని మీదకి నెడతావటే?"

అత్త ఆ బల్లికి పాలు పోసి, పాముకు చేసినట్టే దహనం చేయించింది. నేను చూస్తూ నిలబడ్డాను.

నాకు కొడుకు పుట్టాడు. సుబ్బులు కడుపు పండలేదు. సర్పదోషమన్నారు. పాపం, ఎన్ని ఉపవాసాలు, ఎన్ని మొక్కులు! ప్రతిసారీ నిజం నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. భయమేనా? కాదు. వచ్చిన కొత్తలో ఊరంతా ఆమెను మెచ్చుకుంటుంటే నాకు కడుపుమంటగా ఉండేది. ఆమె తల దించుకుని తిరుగుతుంటే ఆ మంట కాస్త చల్లారేది. ఛీ! ఈ మాట నాకు నేను ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

మొన్న మా మరిదికి వినుకొండ నుంచి రెండో సంబంధం తెచ్చారు. సుబ్బులును పుట్టింటికి పంపేస్తామన్నారు. ఆమె గదిలో చీరలు మూట కట్టుకోవడం చూశాను. ఇక ఆగలేకపోయాను. తాంబూలాలకు కూర్చున్న పెద్దమనుషుల ముందుకెళ్లి చెప్పేశాను. చంపింది నేను, అది పామే కాదు, సుబ్బులుకు ఏ దోషమూ లేదు అని.

అత్త తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మా ఆయన నా మొహం చూడలేదు. మరిది మాత్రం లేచి తాంబూలం పళ్లెం వెనక్కి నెట్టేశాడు.

క్షమించమని సుబ్బులును అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను. సుబ్బులు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతేనేం, ఇంట్లోనే ఉంది.