పంక్తిలో మా ఆయన ఆకు

ఈ రోజు కొడవలూరులో మా అన్న కొడుకు పుట్టువెంట్రుకలు. మద్రాసులో ఆపరేషన్ చేసి మా ఆయన కడుపు సగానికి పైగా తీసేశాక, నలుగురితో కలిసి పంక్తిలో కూర్చోవడం ఇదే మొదలు. కుట్లు అదరకుండా ఎడ్లబండిలో మెత్తగా గడ్డి పరిచి తీసుకెళ్లాను.

ఒకప్పుడు ఏ పెళ్లిలోనైనా అందరికంటే ఆఖరున ఆకు మడిచేది ఈయనే. అంత తిండి మనిషి. ఇప్పుడు డాక్టరు తినమన్నది గుప్పెడు మెత్తటి అన్నం, పలచటి మజ్జిగ. పంక్తి లేవకముందే ఒకరు లేస్తే మావాళ్లకు పెద్ద అవమానం. ఆ గుప్పెడూ అయిపోతే ఏం చేస్తాడా అని స్తంభం పక్కన నిలబడి ఒకటే భయపడ్డాను.

మా అన్న కొరమేను పులుసు గిన్నెతో వచ్చాడు. "ఏం బావా, ఒక్క ముక్కన్నా యేసుకో. మా ఇంటి పులుసు నచ్చలేదా?"

ఈయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కడుపు కోసినారు గానీ ముక్కు కొయ్యలేదు బావా. వాసన చూస్తా ఉండా, సాలు."

పంక్తంతా నవ్వింది. ఈయన మాత్రం ఒక్కో మెతుకూ నములుతూ కూర్చున్నాడు. పక్కవాళ్లు మారు వేయించుకున్నారు, గడ్డపెరుగు కూడా వచ్చి వెళ్లింది. ఈయన ఆకులో అన్నం ఇంకా ఉంది.

అందరూ లేచారు. ఎప్పటిలాగే ఆఖరున ఆకు మడిచింది మా ఆయనే.

తిండిపోతు మొగుడని ఇన్నాళ్లూ నన్ను ఆటపట్టించిన వదినలారా, ఇప్పుడేమంటారో చెప్పండి!