పురటాసి శనివారం పానకం

నా ఎడమ కన్ను పోయింది. షుగరు వల్ల కంటి వెనక నెత్తురు కారిందని విరుదునగర్ డాక్టరు చెప్పాడు. అంతకు చాలా ముందే, కంటి ముందు నల్ల దారాలు వేలాడుతున్నాయని నేను ఇంట్లో చెప్పాను. మా అన్న భార్య, అంటే మా వదిన, పదిమందిలో నవ్వింది. "అగ్గిపెట్టెల కంపెనీకి పోయేది మానేసినావు కదా, ఇంక దారాలు లెక్కబెట్టు" అంది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది. వంకాయ రంగు.

మిగిలింది కుడి కన్ను. దానిలోనూ అదే మొదలైందట. కంట్లో సూది వేస్తే ఉన్న చూపు నిలుస్తుందని, ఆలస్యమైతే అదీ దక్కదని, ఆ పొద్దు షుగరు ఎక్కువుంటే మాత్రం వెనక్కి పంపేస్తామని డాక్టరు అన్నాడు. అప్పటినుంచి నేను తీపి ముట్టలేదు.

సూదికి డాక్టరు ఇచ్చిన రోజు పురటాసి శనివారం అయింది. పురటాసి అనే ఆ తమిళ నెల శనివారాల్లో మా ఇళ్ళల్లో పెరుమాళ్ళకు పూజ చేసి అందరికీ పానకం పోస్తారు. కోవిల్‌పట్టి స్టేషనుకు బయలుదేరబోతుంటే వదిన గ్లాసుతో గడపకు అడ్డం నిలబడింది. నాకు తోడు రావలసిందీ ఆవిడే.

"వద్దు వొదినా. ఈ పొద్దు సూది."

"సామి పెసాదంలో సక్కర యాడుంటాది? తాగు."

"బెల్లం కాదా ఇది?"

"సరి సరి. నీకు సామి కన్నా డాక్టరే పెద్దోడు. కన్ను ఏంటికి పోయిందో ఇప్పుడు తెలిసింది పో."

అన్న వింటున్నాడు. పక్కింటివాళ్ళూ వింటున్నారు. తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ గడప వదల్లేదు.

రైల్లో ఆవిడ నిద్రపోయింది. నేను మిగిలిన కంటితో సాత్తూరు స్టేషను బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో నర్సు నా వేలికి గుచ్చి, మొహం చిట్లించి, "ఏం తిన్నారమ్మా?" అని తమిళంలో అడిగింది. నేను నోరు తెరిచేలోపే వదిన, "ఏమీ లేదు, పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు" అని తమిళంలోనే చెప్పేసింది.

"ఖాళీ కడుపుతోనే ఇంతుందా? అయితే ఈ రోజు కుదరదు. మందులు మార్చుకుని వచ్చే నెల రండి."

వచ్చే నెలకు ఈ కన్ను ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? పానకం సంగతి చెప్పబోయాను. వదిన మోచేతి దగ్గర గిల్లింది.

"ఊరికే ఉండు. నలుగురిలో మానం పోతాది."

"నీ మానానికి నా కన్ను ఇయ్యాల్నా?" అని నర్సు వైపు తిరిగి, పానకం తాగానని, ఎవరు పోశారో కూడా చూపించి చెప్పాను.

నర్సు ఇద్దరినీ కలిపి తిట్టింది. డాక్టరును అడిగి వచ్చి, కాసేపాగి మళ్ళీ పరీక్ష చేస్తామని, అప్పటికి షుగరు దిగకపోతే ఇంటికి వెళ్ళాల్సిందేనని చెప్పింది. పిలిచిన వాళ్ళంతా ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, కంటికి కట్టుతో బయటికి వస్తున్నారు. బెంచీలు ఖాళీ అవుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి వెళితే డాక్టరు తిరిగి రాడని ఎవరో అన్నారు. వదిన వైపు నేను చూడలేదు.

రెండోసారి గుచ్చి చూసి, షుగరు దిగిందని నర్సు చెప్పింది. చెప్పులు విప్పమంది. ఆ రోజు చివరిగా లోపలికి వెళ్ళింది నేనే.

మరుసటి శనివారం వదిన మళ్ళీ గ్లాసు తెచ్చింది. అడుగున తేరిన బెల్లం మడ్డి నాకు స్పష్టంగా కనిపించింది.

"సామిని తోసేస్తావా?" అంది.

"సామిని విరుదునగరుకు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చోమను. అప్పుడు తాగుతా" అన్నాను.